చేతి గడియారం 12.8కీ గుమి 12.96కీ మధ్య ఎంత దూరం?

మీ మూడు ప్రశ్నల్లో చివరిదానికి ముందు జవాబు చెబుతాను, దానికి గడువు ఉందన్నారు కాబట్టి. ఆ ఇరవై వేలు ఇవ్వకండి.

మిగతావాళ్లకు అర్థం కావడానికి విషయం రెండు ముక్కల్లో చెబుతాను. నరసన్నపేట దగ్గరి పల్లెలో ఈ ప్రశ్నలు అడిగినవారి మేనకోడలు తొమ్మిదో తరగతి చదువుతోంది. మండల స్థాయి పాఠశాలల పోటీల్లో 100 మీటర్లు 12.8 సెకన్లలో పరుగెత్తింది. 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో జ్యోతి యర్రాజి 100 మీటర్ల దూరంలో పది హర్డిల్స్ (అడ్డంగా పెట్టే కంచెలు) దాటి 12.96 సెకన్లలో గెలిచిన వీడియో ఇంటిల్లిపాదీ చూశారు. ఆ పిల్లకు కూడా హర్డిల్స్ ఇష్టమట. ఎన్నేళ్లలో ఆ స్థాయికి వెళ్తుంది, ఎవరి దగ్గర చేర్చాలి, ‘ఆసియా స్థాయి పోటీ’కి తీసుకెళ్తానంటున్న ఒకాయనకు ఇరవై వేలు కట్టాలా అని అడిగారు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు విజయనగరం జిల్లా బడుల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. జిల్లా పోటీల్లో సున్నం గీతలు గీయడం దగ్గర నుంచి స్టార్టరుగా తుపాకీ పేల్చడం దాకా అన్నీ చేశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

గుమిలో జరిగినదే పెద్దవాళ్లకు అసలైన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్. 1973లో మనీలాలో మొదలైంది. మధ్యలో తేదీలు అటూ ఇటూ జరిగినా, 2021 పోటీ కోవిడ్ వల్ల రద్దయినా, స్థూలంగా రెండేళ్లకోసారి జరుగుతుంది. మన దేశంలో 1989లో ఢిల్లీ, 2013లో పుణె, 2017లో భువనేశ్వర్ ఆతిథ్యం ఇచ్చాయి. చాలామంది దీన్నీ ఆసియా క్రీడలనూ కలిపేస్తారు. ఆసియా క్రీడలు నాలుగేళ్లకోసారి వస్తాయి, అన్ని ఆటలూ ఉంటాయి. ఇది అథ్లెటిక్స్ ఒక్కదానికే. పరుగు, నడక, దూకడం, విసరడం తప్ప ఇందులో ఇంకేమీ ఉండదు. భారత జట్టును ఎంపిక చేసేది అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఎంపిక కోసం ముందుగా జాతీయ స్థాయి పోటీ పెడుతుంది, ఇంత సమయం రావాలని గీత గీస్తుంది. గుమికి వెళ్లిన జట్టుకు 2025 ఏప్రిల్‌లో కొచ్చిలో జరిగిన ఫెడరేషన్ కప్ అలాంటి గడప. ఆ గడప దాటినవాళ్లు దేశం బట్టలు వేసుకుని వెళ్తారు. జేబులోంచి ప్రవేశ రుసుము కట్టి ఎవరూ వెళ్లరు.

మరి ఆ పెద్దమనిషి చెబుతున్నది ఏమిటి? పేరులో ‘ఇంటర్నేషనల్’ అని, ‘ఏషియన్’ అని తగిలించుకున్న ప్రైవేటు సంఘాలు చాలా ఉన్నాయి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడి తండ్రి రెండు మేకలు అమ్మి అలాంటివాళ్లకు డబ్బు కట్టాడు. పొరుగు దేశంలో ఒక ఊరికి తీసుకెళ్లారు. ఏదో బడి మైదానంలో పరుగు పెట్టారు. కుర్రవాడి విభాగంలో పరుగెత్తింది నలుగురు, అందులో ముగ్గురికి పతకాలు. మనవాడికి బంగారు పతకం, మెడలో మూడు రంగుల రిబ్బను, రంగుల సర్టిఫికెట్టు. ఊళ్లో ఊరేగింపు కూడా చేశారు. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని స్పోర్ట్స్ కోటాలో సీటుకు వెళితే అక్కడి గుమాస్తా చూసి, మడిచి, చేతిలో పెట్టాడు. ఆ తండ్రి నన్ను అడిగిన మాట ఒకటే: ‘మీరు ముందే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?’ అందుకే మీకు ముందే చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ పిల్ల 12.8 నిజంగా 12.8 కాదు. కోప్పడకండి. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, గడియారం పట్టుకున్న మాస్టారూ అబద్ధం చెప్పలేదు.

చేతి గడియారంతో తీసిన 100 మీటర్ల సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలుపుతారు. తుపాకీ పేలాక గడియారం నొక్కడానికి మనిషికి పట్టే ఆలస్యం అంత. చివర్లో మాత్రం రిబ్బను దగ్గరికి వస్తున్నారని ముందే కనబడుతుంది కాబట్టి చేయి ఆలస్యం చేయదు. అంటే 12.8 అన్నది 13.04 అవుతుంది. కథ అక్కడితో ఆగదు. గడియారం పట్టినవాళ్లు తుపాకీ పొగ చూసి నొక్కాలి, మోత విని కాదు. మోత గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. 100 మీటర్ల అవతల ఉన్న చెవికి చేరడానికి దాదాపు 0.29 సెకన్లు పడుతుంది. మండల పోటీల్లో తుపాకీ ఉండదు, రెండు చెక్క పలకల క్లాపర్ ఉంటుంది. ఎండలో కళ్లు చికిలించుకుని నిలబడ్డవాళ్లు చప్పుడు విని నొక్కుతారు. అప్పుడు ఆ 0.29 కూడా పిల్ల ఖాతాలో ఉచితంగా పడుతుంది. ఈ రెండూ కలిస్తే మీ పిల్ల అసలు సమయం 13.3 దగ్గర ఉండవచ్చు. పద్నాలుగేళ్లకు, మట్టి నేల మీద, బహుశా వట్టి కాళ్లతో, అది చాలా మంచి పరుగు. దాని మీద ఆశ పెట్టుకోవచ్చు. కానీ 12.8 అన్న అంకె మీద పెట్టుకోవద్దు.

గాలి సంగతి కూడా ఉంది. 100 మీటర్ల పరుగులోనూ, 100 మీటర్ల హర్డిల్స్‌లోనూ వెనుక నుంచి తోసే గాలి సెకనుకు 2.0 మీటర్లు మించితే ఆ సమయం రికార్డుకు పనికిరాదు. మన తీరం వైపు మధ్యాహ్నం దాటాక గాలి ఎలా లేస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కళింగపట్నం వైపు మైదానాల్లో టెంటు గుంజలు కదిలే రోజున తీసిన సమయాలు నేను నమ్మను.

ఈ కొలతల పట్టింపు చాదస్తంలా కనబడుతుందేమో, జ్యోతి యర్రాజి కథలోకే రండి. విశాఖపట్నం అమ్మాయి, మనకు కూతవేటు దూరం. 2020 ఆరంభంలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38. అంటే పద్దెనిమిదేళ్ల రికార్డు ఒక్క దెబ్బకు పోవాలి. పోలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదని, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరని ఆ సమయాన్ని ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరుగెత్తింది. గాలి 2.1 ఉంది. గీత దాటింది ఒక్క పదోవంతు. మళ్లీ పోయింది. ఆ తర్వాతి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తితే అప్పుడు రికార్డయింది. గమనించండి, పోయిన రెండు సమయాలకంటే ఇది నెమ్మది. పుస్తకంలోకి ఎక్కింది మాత్రం ఇదే.

ఆ రోజుల్లో నేను పేపర్లో చదివి చాలా మండిపడ్డాను. ఒక్క పదోవంతు గాలికి ఒక పిల్ల కష్టం కొట్టేస్తారా అని. తర్వాత నా సొంత చరిత్ర గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

కాలేజీ రోజుల్లో నేను 400 మీటర్లు పరుగెత్తేవాణ్ని. మా మైదానంలో నా అత్యుత్తమ సమయం 50.6. అప్పట్లో ఆ అంకె నా పేరుతో కలిపి పలికేవారు. పొరుగు జిల్లాలో రాష్ట్ర పోటీలకు వెళ్తే ఎంత విరుచుకుపడినా 52 దాటింది. అన్నం పడలేదన్నాను, లేన్ బాగోలేదన్నాను, ముందురోజు రాత్రి దోమలన్నాను. ఉద్యోగంలో చేరి నేనే ట్రాక్ గీయడం నేర్చుకున్నాక ఒక ఆదివారం పాత మైదానానికి టేపు పట్టుకుని వెళ్లాను. వంపు వ్యాసార్ధం ఒక మీటరు తక్కువ గీశారు. మైదానం చివర తాటిచెట్టు ఉంది, దానికి తగలకుండా వంపులు గీసే తాడును కాస్త కుదించారు, అంతే. వ్యాసార్ధం ఒక మీటరు తగ్గితే చుట్టు 6.28 మీటర్లు తగ్గుతుంది. నా వేగానికి అది 0.8 సెకను. నాలుగేళ్లు నేను గర్వంగా చెప్పుకున్నదాంట్లో ముప్పావు సెకనుకు పైగా ఆ తాటిచెట్టుదే.

ట్రాక్ గీసేవాళ్లు ఇక్కడ ఉంటే వారికోసం ఒక మాట. మొదటి లేన్‌ను లోపలి కట్టు నుంచి 30 సెంటీమీటర్ల ఎడంగా కొలవాలి, మిగతావాటిని లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్ల ఎడంగా. 1.22 మీటర్ల లేన్ ఉంటే 400 మీటర్ల పరుగులో రెండో లేన్ ప్రారంభ గీత ముందుకు జరిగేది 7.04 మీటర్లు, ఆ పైన ఒక్కో లేన్‌కు 7.67. అన్నిటికీ ఒకే లెక్క వేసి గీసిన ట్రాకులు ఇప్పటికీ చూస్తున్నాను. రెండో లేన్ పిల్లకు అన్యాయమో, లాభమో జరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ దారి తప్పి ఒక సంగతి చెప్పాలి. మన రెండు జిల్లాల నుంచి బరువులు ఎత్తేవాళ్లు అంతమంది ఎందుకు వచ్చారో, పరుగెత్తేవాళ్లు ఎందుకు రాలేదో నేను చాలాకాలం ఆలోచించాను. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఒక్క పల్లె నుంచి ఎంతమంది లిఫ్టర్లు వచ్చారో మీకు తెలుసు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవారే, మా వృత్తికి మూలపురుషుడు, బలప్రదర్శనలతోనే దేశమంతా పేరు పొందారు. రక్తంలో ఉందని, చోడి (రాగి) అంబలిలో ఉందని చెప్పేవాళ్లు ఉన్నారు. నా లెక్క వేరు. ఊసవానిపేట పూరిపాకలో 50 కిలోల ఇనుము సిడ్నీలో కూడా 50 కిలోలే. దానికి గాలి లేదు, పొగ లేదు, తాటిచెట్టు లేదు. ఎత్తిన పిల్ల తాను ఎక్కడుందో ఆ సాయంత్రమే తెలుసుకుంటుంది. పరుగు పిల్లకు మాత్రం తన స్థానం తెలియడానికి సింథటిక్ ట్రాక్, ఎలక్ట్రానిక్ గడియారం, గాలి కొలిచే యంత్రం కావాలి. అవి ఉన్నచోటికి వెళ్లేసరికే పదిహేడేళ్లు నిండుతాయి. అప్పుడు తెలిసిన నిజం చేదుగా ఉంటుంది, చాలామంది అక్కడే మానేస్తారు. మీ పిల్లకు ఆ నిజం పద్నాలుగేళ్లకే తెలియనివ్వండి. ఈ వయసులో తెలిస్తే అది చేదు కాదు, లెక్క మాత్రమే.

ఆసియా స్థాయి అంటే ఏమిటో నేను కళ్లారా చూసింది 2017లో. పోటీ మొదట రాంచీకి ఇచ్చారు, వాళ్లు తప్పుకుంటే భువనేశ్వర్ తీసుకుని కళింగ స్టేడియాన్ని తొంభై రోజుల్లో సిద్ధం చేసింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి సుమారు 330 కిలోమీటర్లు. నాకు తెలిసి ఇంత దగ్గరలో ఖండం స్థాయి అథ్లెటిక్స్ మళ్లీ రాలేదు. ఇద్దరు తోటి మాస్టార్లతో కలిసి జనరల్ బోగీలో వెళ్లాను, పలాస దాటేదాకా నిలబడే. జూలై 6 నుంచి 9 వరకు నాలుగు రోజులు. భారత్ 29 పతకాలతో మొదటిసారి పట్టికలో పైన నిలిచింది. నీరజ్ చోప్రా చివరి విసురులో 85.23 మీటర్లు వేసినప్పుడు మా పక్కనున్న ఒడియా కుటుంబం మా భుజాలు పట్టుకుని గెంతింది.

కానీ నాకు బాగా గుర్తున్నది చివరి రోజు మహిళల 800 మీటర్లు. మన అర్చనా ఆఢవ్ ముందు వచ్చింది. స్టేడియం ఊగిపోయింది. చివరి మీటర్లలో తోసిందని శ్రీలంక ఫిర్యాదు చేసింది, న్యాయనిర్ణేతలు వీడియో చూశారు, అర్చనను తొలగించి నిమాలి లియానారచ్చికి బంగారం ఇచ్చారు. ఆతిథ్యం మనది, జనం మనవాళ్లు, అయినా నిర్ణయం మారింది. మా తోటి మాస్టారు ఒకాయన చాలాసేపు అధికారులను తిట్టారు. నేను తిట్టలేదు. మన జిల్లా పోటీల్లో ఇలా తోపులాట జరిగితే ఎవరి బంధువు గట్టిగా అరిస్తే వాళ్లది గెలుపు. అక్కడ అలా జరగలేదు. ఆ పోటీల్లో గెలిచిన ఇంకో పతకం తర్వాత డోపింగ్ వల్ల పోయింది, పేరు నాకెందుకు. అంటే మైదానంలో గీత దాటడం సగమే. ఫోటో ఫినిష్, గాలి కొలత, వీడియో, మూత్ర పరీక్ష, అన్నిటినీ దాటాక మిగిలిందే ఆసియా పతకం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా జ్యోతిదే. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీకి ముందే కదిలింది, పక్క లేన్‌లో జ్యోతి కూడా కదిలిందని ఇద్దరికీ కార్డు చూపించారు. జ్యోతి ట్రాక్ వదిలి వెళ్లలేదు. అక్కడే నిలబడి, తెర చూపించి, వాదించింది. ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, మూడో స్థానంలో వచ్చింది, తర్వాత వూ యాన్నీని తొలగించడంతో 12.91తో వెండి దక్కింది. నిబంధన తెలిసిన పిల్ల కాబట్టి నిలబడింది. మన పిల్లలకు ఎర్ర కార్డు చూపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోతారు. మీ మేనకోడలికి స్పైక్స్ కంటే ముందు నిబంధనల పుస్తకం కొనిపెట్టమంటే నవ్వుతారు కానీ, నేను చేసేది అదే.

సరే, 12.96 దగ్గరికి. 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో జ్యోతి 13.09తో గెలిచింది, ఈ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారం భారత మహిళకు అదే మొదటిది. వెనుక వచ్చిన ఇద్దరు జపాన్ అమ్మాయిల సమయాలు 13.13, 13.26. గుమిలో వాన, తడి ట్రాక్, దాదాపు ఖాళీ గ్యాలరీలు. సగం దూరం దాటేదాకా జ్యోతి ముందు లేదు, చివరి హర్డిల్స్‌లో లాగేసింది. 13.04గా ఉన్న పాత పోటీ రికార్డు పోయింది. ఈ పరుగు నాటికి ఆమెకు ఇరవై అయిదేళ్లు. మూడబిద్రిలో పోయిన ఆ 13.03 నాటికి ఇరవై. మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఆసియా ఫైనల్లో పతకం కోసం పోరాడాలంటే ఎలక్ట్రానిక్ గడియారం మీద 13.3కి లోపు రావాలి. పిల్లకు పద్నాలుగు. అంతా సవ్యంగా జరిగినా ఎనిమిదేళ్ల నుంచి పదేళ్లు. రెండేళ్లలో చేస్తానన్నవాడు ఎవడైనా సరే, గుమ్మంలోంచే పంపేయండి. అలాంటివాడి సంచిలో సూదులు కూడా ఉండవచ్చు. పేరు చీటీ లేని పొడులు, ‘బలం ఇంజెక్షన్లు’ పిల్ల దగ్గరికి రానివ్వకండి.

హర్డిల్స్ నిజంగా ఇష్టమైతే ఈ ఏడాది చేయవలసినది వేగం పెంచడం కాదు, లయ పట్టుకోవడం. పెద్దవాళ్ల 100 మీటర్ల హర్డిల్స్‌లో మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది, దానికి ఎనిమిది అడుగులు. తర్వాత ఒక్కో దానికి మధ్య 8.5 మీటర్లు, మూడే అడుగులు. పది హర్డిల్స్, చివర 10.5 మీటర్ల పరుగు. హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మన బడుల్లో జరిగే తప్పేమిటంటే పిల్లకు మూడు అడుగులు అందకపోయినా పూర్తి దూరంలో పెట్టేస్తారు. పిల్ల నాలుగో అడుగు వేస్తుంది, హర్డిల్ మీదికి ముందు వేసే కాలు మారుతుంది, భయం పట్టుకుంటుంది, హర్డిల్ ముందు ఆగి ఎగరడం అలవాటవుతుంది. ఆ అలవాటు తరువాత వదిలించడం నా వల్ల కాలేదు. మూడు అడుగులు సులువుగా అందే దూరం, 7 మీటర్లో ఏడున్నరో, పెట్టండి. ఎత్తు మోకాలి కంటే కొంచెం పైకి చాలు. పిల్ల పెరిగే కొద్దీ దూరం పెంచండి.

లయ నేర్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. ఈలలు వేశాను, చప్పట్లు కొట్టాను. చివరికి ఒక తప్పెటగుళ్ల కళాకారుడి కొడుకు నాకు దారి చూపించాడు. వాడు హర్డిల్స్ మధ్య నడుస్తూ గుండె మీద తప్పెట ఉన్నట్టు చేత్తో దరువు వేసుకునేవాడు, మూడు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. పెద్ద దెబ్బకు హర్డిల్ మీద ఉండేవాడు. ఆ మర్నాటి నుంచి మైదానంలో అందరికీ అదే పాఠం. మూడు దెబ్బల వేగం పెరిగితే పరుగు వేగం దానంతట అదే పెరుగుతుంది. గుమి వీడియో చూసేటప్పుడు శబ్దం ఆపేసి జ్యోతి అడుగులు మాత్రం లెక్కపెట్టమనండి. తడి ట్రాక్ మీద కూడా ఆ మూడు దెబ్బలు ఎక్కడా తప్పలేదు.

హర్డిల్స్ కొననక్కరలేదు. పీవీసీ గొట్టాలతో చేయించుకోండి, తగిలితే పడిపోయేలా ఉండాలి. కింది కాళ్లు పిల్ల వచ్చే వైపుకే ఉండాలి. తిప్పి పెడితే హర్డిల్ పడదు, పిల్ల పడుతుంది. మా ఊళ్లో వెల్డింగు షాపులో చేయించిన ఇనుప హర్డిల్ ఒకటి నా విద్యార్థిని మోకాలి మీద వదిలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఎండిన చెరువు నేల బాగుంటుంది. సముద్రం ఒడ్డున మెత్తటి ఇసుకలో రోజూ పరుగెత్తించకండి, మడమ నరం దెబ్బతింటుంది. తడి ఇసుకలో వారానికి ఒకసారి చాలు. మోకాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. జ్యోతి అంతటి అమ్మాయే గుమి తర్వాత రెండు నెలలు తిరగకుండా మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుని టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది.

పుట్టిన తేదీ విషయం ఇప్పుడే చక్కబెట్టండి. మా తరంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూలై 1 అని రాసేసేవారు. నా పుట్టినరోజూ అదే, మా అన్న పుట్టినరోజూ అదే. ఇప్పుడు అలా కుదరదు. వయసు విభాగాల పోటీల్లో పత్రాలు చూస్తారు, అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, బడి రిజిస్టరు, ఆధార్, మూడింటిలోనూ ఒకే తేదీ ఉండాలి. వయసు తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. పదహారేళ్ల పిల్ల పద్నాలుగేళ్లవాళ్లను ఓడించి తెచ్చిన పతకం ఇరవై ఏళ్లకు ఎవరినీ ఓడించదు.

ఎవరికి అప్పగించాలన్నారు. ఈ ఏడాది ఎవరికీ వద్దు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు శ్రద్ధగలవాడైతే ఆయన దగ్గరే ఉంచండి. జిల్లా అథ్లెటిక్స్ సంఘం పెట్టే ఎంపికలకు వెళ్లండి. అక్కడ నెగ్గితే అంతర్ జిల్లా జాతీయ జూనియర్ పోటీలకు దారి ఉంది. దేశం నలుమూలల నుంచి జిల్లాల పిల్లలు వస్తారు, పద్నాలుగు, పదహారేళ్ల లోపు విభాగాలు ఉంటాయి, ఎలక్ట్రానిక్ గడియారం ఉంటుంది. హాస్టల్ ఉన్న శిక్షణ కేంద్రాల పెద్దలు పిల్లలను ఎంచుకునేది కూడా అక్కడే. అక్కడ పదో స్థానం వచ్చినా మండలంలో మొదటి స్థానం కంటే నాకు ఎక్కువ విలువ. హాస్టల్ పిలుపు అక్కడి నుంచి వస్తే అప్పుడు పంపండి. పంపే ముందు ఒకసారి వెళ్లి ఆడపిల్లల వసతి, వార్డెను, అన్నం మీ కళ్లతో చూసుకోండి. జ్యోతి కూడా హైదరాబాదు, గుంటూరు తిరిగి ఆఖరికి భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర స్థిరపడింది. ఒక్క గురువు, ఒక్క అకాడమీ అన్న కథ ఎక్కడా లేదు.

తిండికి ప్రత్యేకం ఏమీ రాయను. చోడి అంబలి, గుడ్డు, పప్పు, చేపలు. మీ వైపు చేపలకు కొదవ లేదు.

పై వారం నుంచి ఒక పని చేయండి. బడి మైదానంలో 100 మీటర్లు మళ్లీ కొలవండి, గుడ్డ టేపుతో కాదు, అది సాగుతుంది. ముగ్గురు గడియారాలు పట్టుకోండి. మొదలుపెట్టేవాడు క్లాపర్ కొట్టేటప్పుడు చేతులు తలపైకి ఎత్తాలి, అందరూ పలకలు కలవడం చూసి నొక్కాలి. మూడింటిలో మధ్య సమయం తీసుకోండి, దానికి 0.24 కలపండి. తెల్లవారుజామున, ఆకు కదలనప్పుడు. వచ్చిన అంకె పిల్ల నోటు పుస్తకంలో పిల్ల చేతే రాయించండి. 13.5 వచ్చినా సరే, అదే రాయించి, ఇక్కడ నాకూ చెప్పండి. స్టీలు టేపు దొరక్కపోతే విజయనగరం రండి, నా దగ్గర 50 మీటర్లది ఉంది. సుత్తి, మేకులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.